పంటికీ పైపుకీ నడుమ

ప్యాకెట్ విప్పగానే అమ్మగారు నన్ను చేతిలోకి తీసుకుని, "మన మిక్సీలోంచి ఊడిన రబ్బరు ముక్కకి బదులు పంపిందేమో పిల్ల" అన్నారు. ఆమెను తప్పుపట్టను. అంగుళం పొడవైనా లేని నల్లటి మెత్తటి గొట్టాన్ని నేను; ఒక పక్క నోరు తెరుచుకుని, రెండో పక్క సన్నటి చీలికతో ఉంటాను. పొగాకు పైపు కాడకి, నోట్లో పెట్టుకునే కొస మీద తొడిగే రబ్బరు తొడుగుని. అమెరికాలో ఉన్న కూతురు నాన్నగారి డెబ్బయ్యో పుట్టినరోజుకి పంపితే, తోటి తొడుగులతో కలిసి బెంగళూరు జయనగర్‌లో దిగాను. "నాన్న పైపు ఎలాగూ మానడు, కట్టుడు పళ్లైనా దక్కుతాయి" అని ఫోనులో అన్నదట.

అయ్యగారిది శ్రీకాకుళం జిల్లా. అజీత్ యుద్ధవిమానాలు తయారవుతున్న రోజుల్లో హెచ్.ఏ.ఎల్.లో ఇంజనీరుగా చేరి, ఈ ఊళ్లోనే రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. పైపు అలవాటు అప్పటిదే. రెండు చేతులూ డ్రాయింగు మీద ఉంటే పైపుని పట్టుకునే బాధ్యత పళ్లది. అలా ఏళ్ల తరబడి కుడి కోరపన్నూ, దాని పక్క పన్నూ కలిసి కాడని మోసి, సరిగ్గా కాడ మందాన అరిగాయి. ఆ తర్వాత చిగుళ్ల జబ్బొచ్చి పై వరస మొత్తం పోయింది. కట్టుడు పళ్లొచ్చాయి. నాకు ఉద్యోగం దొరికింది అక్కడే.

కట్టుడు పళ్లకీ గట్టి కాడకీ పడదు. నున్నటిదాన్ని నున్నటిది పట్టుకోలేదు. గట్టిగా కరిచారా, బయట వేలాడే గిన్నె బరువుకి కాడ తిరగబడి పళ్ల సెట్టుని అంగిటి నుంచి ఊడదీస్తుంది. మధ్యలో నేనుంటే కొంచెం కరిస్తే చాలు, పట్టు చిక్కుతుంది. కాడ మీద గాట్లు పడవు, పళ్లూ చిట్లవు. నన్ను తొడగడానికి మాత్రం ఓర్పు కావాలి. కాడ కొసన పెదవిలా ఉబ్బెత్తు అంచొకటి ఉంటుంది. పైపు జారకుండా పళ్ల వెనక ఆగేది అదే. నన్ను వేడినీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక, ఆ అంచు దాటించి నెమ్మదిగా వెనక్కి లాగాలి. నాకంటే ముందున్నవాణ్ని అయ్యగారు పొడిగా లాగి నిలువునా చీల్చారు. విమానాలకి రివిట్లు కొట్టించిన చేతులవి మరి!

కాడకీ నాకూ చుట్టరికం ఉంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికావాడు రబ్బరులో గంధకం కలిపి కాచే కిటుకు కనిపెట్టాడు. గంధకం కాస్త పడితే నాలాంటి మెత్తని సరుకు. వందకి ముప్పై పాళ్ల దాకా వేసి గంటల తరబడి ఉడికిస్తే రాయిలాంటి ఎబొనైట్. పైపులవాళ్లు దాన్నే వల్కనైట్ అంటారు. రాజమండ్రిలో 1932లో మొదలైన రత్నం పెన్నులకి వాడిందీ ఆ ఎబొనైటే. అయ్యగారి జేబులో ఒకటి ఇప్పటికీ ఉంది, జిల్లా గర్వమంతా దాని క్లిప్పు మీదే ఉన్నట్టు తుడుస్తుంటారు (ఆయనది ఆ జిల్లా కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు). అక్రిలిక్ రాకముందు కట్టుడు పళ్ల పలకలు కూడా వల్కనైటువే. అంటే అయ్యగారు ఓ వందేళ్లు ముందు పుట్టుంటే ఆయన నోట్లో పలకా, కాడా, నేనూ ముగ్గురం ఒక్కింటివాళ్లమే.

ఎబొనైటుకి ఎండా తడీ పడవు. పై పొరలో గంధకం గాలితో కలిసి పాచిరంగుకి తిరుగుతుంది, నాలుకకి చేదు తగులుతుంది. ఏడాది తర్వాత నన్ను లాగి చూసుకుంటే నా కింద దాగిన కాడ నల్లగా నిగనిగలాడుతోంది, బాల్కనీ వెలుతురు తిన్న మిగతా కాడ ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకి దిగింది. అయ్యగారు మురిసిపోయారు. మురిపెం నాకూ కలిగింది, దాచను. అయితే వారం వారం కడగకపోతే నా లోపల ఉమ్మీ పొగ జిడ్డూ చేరి కంపు కొడతాను. నన్ను నానబెట్టే గ్లాసుకి అమ్మగారు ఎర్ర పెయింటుతో గీత పెట్టారు. "ఏవండీ, ఆ గ్లాసు వంటింటి గడప దాటిందో, కాఫీ మీకు అందులోనే!"

బాల్కనీ ఎందుకంటే, 2008 అక్టోబరు 2 నుంచి హోటళ్లలో, ఆఫీసుల్లో పొగ బంద్. ఈ ఊరికి పొగాకు కొత్త కాదు. ఇంపీరియల్ టొబాకో కంపెనీ 1912లో గుంటూరు జిల్లాలో ఆకు పండించే సంస్థ పెట్టి, 1913లో తన మొదటి సిగరెట్ ఫ్యాక్టరీని బెంగళూరులోనే తెరిచింది. మన ఆకు, ఈ ఊరి యంత్రం. అదే ఊళ్లో 2024 ఫిబ్రవరిలో హుక్కా మొత్తం నిషేధమైంది. హుక్కా బార్లలో నా దూరపు బంధువులుండేవారు. ఒకే గొట్టం పదిమంది నోళ్లు తిరుగుతుంది కనుక మనిషికొకటి చొప్పున ఇచ్చే రంగురంగుల ప్లాస్టిక్ మూతులు. ఎంగిలి అంటకుండా కాపాడుతున్నామని వాళ్లకి మహా గీర. పొగ మాత్రం అందరికీ సమంగానే అందేది. 2025లో వచ్చిన కర్ణాటక సవరణ చట్టంతో హుక్కా బారు నడిపితే మూడేళ్ల దాకా జైలు. బహిరంగంగా పొగతాగితే జరిమానా రెండొందల నుంచి వెయ్యికి పెరిగింది. పొగాకు కొనాలంటే ఇరవై ఒక్కేళ్లు నిండాలి. 

ఆమధ్య పళ్ల సెట్టు వదులైందని అయ్యగారు అమ్మగారిని వెంటబెట్టుకుని పళ్ల డాక్టరమ్మ దగ్గరికెళ్లారు. జేబులో పైపుతో పాటు నేనూ.

"బాయి తెగీరి సార్" అని కన్నడంలో నోరు తెరవమంటూ ఆమె సెట్టు తీసి లైటు వేసింది. అద్దం పట్టుకుని ఆయన్నే చూసుకోమంది. పలక కప్పినంత మేరా అంగిలి శుభ్రంగా గులాబీరంగులో ఉంది. పలక అంచు దాటాక వెనకంతా తెల్లగా మందం కట్టి, మధ్య మధ్య ఎర్ర చుక్కలు. ఉమ్మి గ్రంథుల మూతులు వేడికి వాచి అలా ఎర్రబడతాయట.

అయ్యగారు చప్పున పైపు తీసి నన్ను చూపించారు. "తొడుగు వాడుతున్నానమ్మా, అమెరికాది."

ఆమె నన్ను రెండు వేళ్లతో నొక్కి చూసింది. "ఇది పళ్లకి సార్, పొగకి కాదు." పైపు తాగేవాళ్లకి పెదవి కేన్సరు వస్తుందని అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 1964లోనే తేల్చిందని కూడా చెప్పింది. మానేస్తే ఈ తెలుపు కొన్ని వారాల్లో తగ్గాలి, తగ్గకపోతే ముక్క తీసి పరీక్షకి పంపాలి అంది.

ఆటోలో ఆయన అమ్మగారితో తన నాయనమ్మ సంగతెత్తారు. ఉత్తరాంధ్ర ఆడవాళ్లు చాలామందిలాగే ఆవిడదీ అడ్డపొగ. చుట్ట వెలిగించిన కొస నోట్లోకి పెట్టి, పెదవులు బిగించి పీల్చేది. అక్కడ నాలాంటివాడికి చోటే లేదు, కాలిపోతాను. చివరి రోజుల్లో ఆవిడ అంగిట్లో పుండు లేచి గంజి కూడా మింగలేకపోయిందట. "ఆ రోగం పేరు మాకప్పుడు తెలీదు" అన్నారాయన. అమ్మగారు దానికేమీ అనలేదు కానీ, ఇంటికి రాగానే పొగాకు డబ్బా పట్టుకెళ్లి గులాబీ కుండీలకి పురుగుమందుగా నానబెట్టారు.

ఇప్పుడు ఆయన ఖాళీ పైపే కొరుకుతూ పేపరు చదువుతున్నారు. పొగ లేదు, నమలడం రెట్టింపైంది. నా ఎడమ అంచున చీలిక మొదలైంది. ప్యాకెట్లో మిగిలినవాళ్లని మనవడు పెన్సిళ్లకి తొడిగేసుకున్నాడు. ఒకటి వెనక్కిమ్మని తాతగారు, రెండు చాకొలెట్లిస్తేనే ఇస్తానని వాడు. ఒక చాకొలెట్టు, ఒక జీడిపప్పు పాకం ముక్క దగ్గర బేరం ఆగింది. మనవడికి పాకం పళ్లకి అంటుకుంటుందని అభ్యంతరం.