మెడవెనుక నలుపు, చేతిలో నిమ్మచెక్క

మన తెలుగు గృహములలో నల్లని చర్మమునకు జరుగు ఉపచారములను గాంచిన పరదేశి యెవడైనను, చర్మపోషణవిద్యయందు ఈ జాతి లోకమునకెల్ల గురుస్థానము వహింపదగినదని నిశ్చయించుకొని, ఆ వార్తను తన దేశమునకు వ్రాసి పంపక మానడు. శిశువు గర్భస్థమై యుండగనే తల్లిచే కుంకుమపువ్వు కలిపిన పాలు త్రాగింతుము. పుట్టినది మొదలు సెనగపిండియు మీగడయు పట్టించి నలుగు పెట్టుదుము. పెండ్లియీడు వచ్చి, "పిల్ల లక్షణంగానే ఉంది గాని, రంగే కాస్త తక్కువ" అని మేనత్త తీర్పు చెప్పిన మరునాటినుండి అంగడిలోని ట్యూబులన్నియు ఇంటికి తరలివచ్చును. ఈ క్రియాకలాపమంతటిలో దేహమునకు పుష్టి నిచ్చినవి ఆ పాలు మాత్రమే. కీర్తి యేమో కుంకుమపువ్వునకు దక్కినది.

పూతలయందు మనకున్న ఈ పాండిత్యము, చర్మము చెప్పు మాటను ఆలకించుటయందు లేదు. స్థూలకాయుడైన బాలుని మెడవెనుక చర్మము మందమై, మకమలువలె నల్లబడినప్పుడు, అది ఇన్సులిన్ పని సరిగా సాగుట లేదనియు, మధుమేహము వీధిమలుపున నిలిచియుండవచ్చుననియు తెలుపు వర్తమానమని వైద్యులు చెప్పుదురు. ఇంటివారు దానిని మట్టి యని నిర్ణయించి, నిమ్మచెక్కతో తోముదురు. తోమించుకొని అలసిన పిల్లవానికి సేదదీరుటకై చల్లని కూల్‌డ్రింకు నొకదానిని ఇత్తురు. వేలికణుపుల నలుపు గతియు ఇంతే: బి12 లోపించినవారికి, ముఖ్యముగా పాలు పెరుగులైనను సరిగా ముట్టని శాకాహారులకు, ఆ లక్షణము కనబడుట కద్దు, ఆ విటమిను ఆకుకూరలలో లభింపదు, నిమ్మతొక్కలో అసలే లభింపదు.

నల్లని చర్మమునందలి మెలనిన్ అతినీలలోహిత కిరణములను అడ్డుకొనును గనుక, విటమిను డి తయారగుటకు దానికి ఎండ మరికొంత సేపు కావలెను. అట్టి చర్మము గల కన్యను మనము స్కూటరుపై పంపునప్పుడు, తలకును ముఖమునకును స్కార్ఫు చుట్టి, మోచేతుల దాక తొడుగులు తొడిగి, కండ్లు మాత్రము మిగిల్చి పంపి, సాయంకాలము ఆమె ఒళ్లునొప్పులన్నప్పుడు ఈ కాలపు పిల్లలకు బలము లేదని నిట్టూర్చుదుము.

బి3 చరిత్ర మరింత రసవత్తరము. జొన్నయే ప్రధానాహారమైన దక్కను పల్లెల పేదలకు, ఎండ తగులు చోట్ల, మెడచుట్టు హారాకారమున, చర్మము నల్లబడి పొరలూడు పెల్లాగ్రా వచ్చెడిది. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్ ప్రభృతి శాస్త్రవేత్తలు ఆ వ్యాధిని పరిశీలించి, జొన్నలోని లూసిన్ అను అమైనో ఆమ్లపు ఆధిక్యము దానికి కారణము కావచ్చునని 1960లో ప్రతిపాదించిరి. దానికి మందు బి3. 1975లో జన్మించి, 2020లో "ఫెయిర్"ను విసర్జించి "గ్లో"ను ధరించిన మన సుప్రసిద్ధ క్రీమునందును ఆ విటమినే, నియాసినమైడ్ రూపమున, కొలువుదీరి యున్నది. ఎందరి కడుపులకో అందని విటమిను ఈ విధముగా బుగ్గలకు అందినది!

అదే విటమిను వేరుసెనగపప్పులో పుష్కలముగా నున్నదని ఎవరైనను సాహసించి చెప్పబోయినచో, లోపలిగదిలోనుండి మామ్మగారి కంఠము వినబడును: "వేరుశనక్కాయలా? వద్దు నాయనా, పిల్లకి మొహమంతా మొటిమలొస్తాయి. ఆ ట్యూబేదో ఇటివ్వు."