వద్దంటే వెయ్యి, కావాలంటే ఐదువేలు

మా ఆటోనగర్‌లో లేత్ షాపు నడిపే బాబాయికి ఈమధ్య ఒక పాడుబుద్ధి పుట్టింది. చేతికింద ఉన్న కుర్రాణ్ని చట్టప్రకారం అప్రెంటిస్‌గా రాయించాలట. ఎవరూ అడగలేదు. 30 మంది, ఆపైన పనిచేసే చోటే అప్రెంటిస్‌లు తప్పనిసరి; నలుగురి నుంచి 29 మంది దాకా అయితే యజమాని ఇష్టం. బాబాయి దగ్గరున్నది తొమ్మిది మంది. ఇష్టపడ్డాడు. అక్కడే చెడ్డాడు.

ఆయన పని నేర్చుకునే రోజుల్లో వాళ్ల నాన్న మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లి, "మావాణ్ని మీ చేతుల్లో పెడుతున్నా, కొట్టినా తిట్టినా మీదే భారం" అన్నాడు. అదే ఒప్పందం, అదే రిజిస్ట్రేషన్. ఇప్పుడది ఆన్‌లైన్‌లో కావాలి. మంచిదే. స్టైపెండయినా, చెయ్యి నలిగితే పరిహారమయినా కాగితం ఉంటేనే కుర్రాడికి దక్కుతాయి. తీరా చూస్తే టెన్త్ మెమోలో వాడి ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. తెలుగువాడి ఇంటిపేరు ముందుంటుందో వెనకుంటుందో కంప్యూటరుకు ఈనాటికీ అంతుపట్టలేదు. ఒక్క కుర్రాడు ఇద్దరయ్యాడు. ఓటీపీ మూడోవాడికి వెళ్లింది. ఆధార్‌కిచ్చిన నంబరు మేనమామది. ఆయన కువైట్‌లో ఉన్నాడు.

ఈలోగా కుర్రాడు మర తియ్యడం నేర్చేసుకున్నాడు.

సర్కారు ఏమీ సడలించలేదంటే కళ్లు పోతాయి. 1961 నాటి చట్టంలో, లెక్కప్రకారం అప్రెంటిస్‌లను తీసుకోని యజమానికి ఆరు నెలల దాకా జైలు రాసి ఉండేది. 2014లో జైలు తీసేసి జరిమానా ఉంచారు. అదీ నెల రోజుల నోటీసిచ్చి, సంజాయిషీ విన్నాకే. ఒక్కో ఖాళీకి మొదటి మూడు నెలలు నెలకు 500, ఆపైన వెయ్యి. మరి తీసుకున్నవాడికో? 2019 నిబంధనల్లో స్టైపెండ్ నెలకు 5 వేలకు తగ్గకూడదు. అందులో నాలుగో వంతు, 1500 మించకుండా, కేంద్రం భరిస్తానంది.

బాబాయి ఎక్కాలు బాగా వచ్చిన మనిషి. "అంటే అబ్బాయ్, పని నేర్పితే జేబులోంచి 3750, నేర్పి తీరాల్సిన పెద్ద కంపెనీ నేర్పకపోతే వెయ్యి. పైగా నేర్పనివాడికి ఓటీపీ గొడవ కూడా లేదు!"

నా దగ్గర జవాబు లేదు. పెద్ద కంపెనీల్లో ఈ కాగితాలు చూడ్డానికే ఓ గది, ఆ గదిలో ఏసీ ఉంటాయి. బాబాయి షాపులో ఇనప రజను పడని చోటు దేవుడి పటం ఒక్కటే.

అయ్యా అధికారులూ, చిన్న షాపులకు ఒక్క పేజీ ఒప్పందం చాలు. మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒక్కడేనని సంతకం చేసే మనిషిని వారానికోసారి ఆటోనగర్‌కి పంపండి. కుర్చీ, టీ బాబాయి ఖాతాలో.