పడక కొని జాగారం

న్యూయార్కులో రాత్రి బయల్దేరి తెల్లారేసరికి లండన్‌లో దిగే విమానంలో బిజినెస్ క్లాస్ ఆసామి ఎక్కడివాడైనా ఒక్కటే. ఇంగ్లీషు బ్యాంకరు కావచ్చు, అమెరికన్ లాయరు కావచ్చు, డల్లాస్‌లో ఇల్లు కట్టుకున్న మన గుంటూరు బావగారు కావచ్చు, సీటు బెల్టు పెట్టుకునేలోగా ముగ్గురికీ ఒకే వాలకం వచ్చేస్తుంది. కోటు విప్పి, ఎవరి చేతికిస్తున్నాడో చూడకుండానే అందిస్తాడు. షాంపేన్ వద్దనడు, అలాగని ఆత్రంగానూ తీసుకోడు. పటకారుతో వేడి తువ్వాలు అందిస్తే దాంతో ముందు వేళ్లు, తర్వాత మెడ, చివర్న ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు ముఖం తుడుచుకుంటాడు. పింగాణీ గిన్నెలో వెచ్చచేసిన జీడిపప్పు, బాదంపప్పు వస్తాయి. జీడిపప్పు చల్లగా ఉందని ఇంట్లో ఆయన ఏనాడూ గిన్నె తోసెయ్యలేదు. ఇక్కడ మాత్రం గిన్నె అంచు తాకి చూస్తాడు. ఈ తరగతిలో ఆడవాళ్లూ ప్రయాణం చేస్తారు గాని, వాళ్లలో చాలామంది కళ్లకు ఆ నల్ల పట్టీ తగిలించుకుని హాయిగా నిద్రపోతారు. కాబట్టి వాళ్ల సంగతి ఇక్కడ అనవసరం.

అసలు చిక్కు ఆ నిద్ర దగ్గరే ఉంది. ఇతను టికెట్టు కొన్నది ఎందుకయ్యా అంటే పడక కోసం అంటాడు. మీట నొక్కితే సీటు చదునుగా పరుచుకుంటుంది, ఆరడుగుల మనిషి కాళ్లు చాపుకోవచ్చు, అది నిజమే. కాని న్యూయార్కు నుంచి లండన్‌కు గాల్లో ఉండేది మహా అయితే ఆరున్నర గంటలు. పైకి ఎగిరాక భోజనం మొదలై జున్నుముక్కలతో ముగిసేసరికి రెండు గంటలు పోతాయి. దిగడానికి గంటన్నర ముందే లైట్లు వెలిగించి ఉపాహారం పెడతారు. మిగిలిన మూడు గంటల్లో ఒక సినిమా సగం చూసి, పరుపు మీద పరుచుకునే దుప్పటి సరిచేసుకుని, సీటు ఏ కోణంలో బాగుంటుందో పరిశోధించేసరికి ఐర్లండ్ వచ్చేస్తుంది. 2020 ఫిబ్రవరిలో తోకగాలి విపరీతంగా వీచిన ఒక రాత్రి బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో జెట్ ఒకటి 5 గంటలు నిండకుండానే న్యూయార్కు నుంచి హీత్రూ చేరింది. వెనక కూర్చున్నవాళ్లకు పండగే. ముందువాడికి మాత్రం డబ్బిచ్చి కొన్న పడక మీద గంటన్నర నష్టం. లాంజ్‌లోనే భోంచేసి విమానం ఎక్కగానే పడుకోండి అని ఎయిర్‌లైన్స్ ఎప్పటినుంచో చెబుతున్నాయి. అదే తెలివైన పని. మన ఆసామి లాంజ్‌లోనూ భోంచేస్తాడు, విమానంలోనూ భోంచేస్తాడు. రెండూ టికెట్టులో ఉన్నవే కదా!

అందుకే నాకు తోచేదేమిటంటే, ఇతను అంత డబ్బు పోసి కొంటున్నది నిద్ర కాదు, తిండీ కాదు. తన వెనక ఒక తెర ఉండాలి, తెర వెనక జనం ఉండాలి, ఆ జనంలో తను ఉండకూడదు. కొన్నది అదీ. మాట కాస్త కటువుగా ఉందనిపిస్తే ఈ తరగతి ఎలా పుట్టిందో చూడండి. 1977 సెప్టెంబరులో ఫ్రెడ్డీ లేకర్ అనే ఆంగ్లేయుడు లండన్ గాట్విక్ నుంచి న్యూయార్కుకు 59 పౌన్లకే మనిషిని చేరవేస్తానని స్కైట్రెయిన్ మొదలుపెట్టాడు. టికెట్టు కోసం జనం బారులు తీరారు. పెద్ద కంపెనీలూ దిగొచ్చి చవక టికెట్లు అమ్మక తప్పలేదు. దాంతో కొత్త బాధ ఒకటి బయల్దేరింది. కంపెనీ పని మీద పూర్తి ధర పెట్టి కొన్న పెద్దమనిషి పక్క సీట్లో, అందులో సగం కూడా పెట్టని కుర్రాడు వీపుసంచీతో కూర్చుంటున్నాడు. భోజనం ఒకటే, మోకాళ్లకు తగిలే సీటూ ఒకటే. పెద్దమనిషి గగ్గోలు పెట్టాడు. 1978లో పాన్ యామ్ ‘క్లిపర్ క్లాస్’ అనీ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ‘క్లబ్’ అనీ పూర్తి ధర ఇచ్చినవాళ్లకు ఒక భాగం కేటాయించాయి. మొదట్లో సీట్లలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. విడిగా కూర్చోబెట్టారు, మందు ఉచితంగా పోశారు, అంతే. గొడవ సద్దుమణిగింది. నడుం నొప్పికి మందుగా పుట్టిన తరగతి అయితే ముందు పరుపు వచ్చి తర్వాత తెర వచ్చేది. ఇక్కడ తెర ముందొచ్చింది, పరుపు రావడానికి మరో ఇరవై ఏళ్లు పైనే పట్టింది.

ఆ పరుపు వచ్చిన తీరు కూడా ముచ్చటైనదే. 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాస్‌లో పూర్తిగా చదునయ్యే పడకలు పెట్టింది. ఎక్కువ పడకలు పట్టించడానికి ఒక సీటు ముందుకూ పక్క సీటు వెనక్కూ తిప్పి అమర్చారు. ఫలితంగా కిటికీ దగ్గరి ఆసామి, అతని పక్క ఆసామి ఎదురూబొదురూ ముఖాలతో, జానెడు దూరంలో, పెళ్లిచూపుల్లోలా కూర్చోవాల్సి వచ్చేది. విమానం పైకి లేచేదాకా మధ్య తెర దించే ఉంచాలి. ఆ కాసేపూ ఇద్దరు అపరిచితులు ఒకరి ముక్కును ఒకరు చూడకుండా ఉండటానికి పడే అవస్థ వర్ణనాతీతం. ఒకరు భద్రతా సూచనల కార్డు కంఠతా పడతారు, ఇంకొకరు ఆగిపోయిన వాచీకి కీ ఇస్తారు. తెర ఎత్తాక ఎవరు ముందు మీట నొక్కారన్నది ఒక చిన్న అవమానం. అర్ధరాత్రి కిటికీ వైపు ఆసామికి బాత్రూముకు వెళ్లాల్సి వస్తే మరో ఘట్టం. నడవాకూ అతనికీ మధ్య పక్కవాడి కాళ్లు చాపి ఉంటాయి. పైజమా పైకి లాక్కుని, చీకట్లో ఒక కాలు ఎత్తి, నిద్రపోతున్న ఒక కంపెనీ డైరెక్టరు మోకాళ్ల మీదుగా అవతలికి దాటాలి. వేలకు వేలు పోసి కొన్న టికెట్టుతో మనిషి చేసిన పని అది. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అదే. అయినా దాదాపు ఇరవై ఏళ్లపాటు ఆ సీట్లు నిండుతూనే ఉన్నాయి. వెనక ఎకానమీలో ఎవరూ ఎవర్నీ దాటనక్కర్లేదు, పక్కవాడే లేచి దారిస్తాడు. సౌకర్యమే సరుకైతే ఈ సరుకు ఎప్పుడో తిరిగి కొట్టుకొచ్చి ఉండేది.

పోనీ రుచీ, గాలీ చూద్దామా అంటే అవీ సాక్ష్యానికి రావు. విమానం లోపల గాలి ఎడారి గాలిలా పొడిగా ఉంటుంది. అందులోనూ ముందు భాగం ఇంకాస్త పొడి. కారణం సిగ్గుచేటుగా ఉంటుంది. లోపల తేమ చాలావరకు మనుషుల ఊపిరి నుంచి వచ్చేదే, వెనక ఊపిరితిత్తులు ఎక్కువ. అంటే ఇతను ఎవరి ఊపిరి తగలకుండా డబ్బిచ్చాడో ఆ ఊపిరి లేక గొంతు ఎండుతుంది. ఆ పొడికీ, ఆరేడువేల అడుగుల కొండెక్కినట్టుండే ఆ పీడనానికీ నాలుక మొద్దుబారుతుంది. ఉప్పు, తీపి సరిగా తెలియవు. జర్మనీలో లుఫ్తాన్సా ఇదంతా పరిశోధన చేయించింది, నేల మీద ఎవరూ అడగని టమాటా రసాన్ని గాల్లో జనం ఎందుకు అంత ఇష్టంగా తాగుతారా అని. అలాంటి నాలుకతో మన ఆసామి రెండు ఫ్రెంచి వైన్లు పక్కపక్కన పెట్టించుకుని రుచి తేడా చూసి, రెండోదే మేలని తేల్చి చెబుతాడు.

ఇక్కడ గట్టి అభ్యంతరాలే వస్తాయి. నడుం పట్టేసిన పెద్దవాళ్ల మాటేమిటి? పొద్దున తొమ్మిదింటికి లండన్‌లో మీటింగు ఉన్నవాడి మాటేమిటి? మోకాలి చిప్ప మార్పించుకున్న మనిషి సంగతి? వీళ్ల విషయంలో నాకు వాదన లేదు. డెబ్బై ఏళ్ల మనిషి కాళ్లు చాపుకుని వెళ్తే అది అవసరమే. కాని వాళ్లు వెచ్చటి జీడిపప్పు కోసం మేలుకోరు, అన్నం తినేసి ముసుగు తన్నుతారు. నేను చెప్పేది మేలుకుని ఉండే జాతి గురించి. మీటింగు వాదన మరీ బలహీనం. మీటింగు కోసం పడక కొన్నవాడు పడుకోవాలి కదా. పైగా ఆ టికెట్టు చాలాసార్లు కంపెనీ కొంటుంది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, తన డబ్బయితే ముక్కు మూసుకుని మధ్య సీట్లో కూర్చునే మనిషి, కంపెనీ డబ్బయితే తన వెన్నెముక గురించి డాక్టరులా మాట్లాడతాడు.

కంపెనీ డబ్బూ లేక, సొంత డబ్బూ పెట్టక ముందుకు చేరేవాడు ఇంకొకడున్నాడు. పాయింట్ల భక్తుడు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో మైళ్ల లెక్క మొదలుపెట్టినప్పటి నుంచి ఈ సంప్రదాయం వర్ధిల్లుతోంది. మన అమెరికా తెలుగువాళ్లలో దీనికి పీఠాధిపతులే ఉన్నారు. ఏ క్రెడిట్ కార్డు తీసుకుంటే ఎన్ని మైళ్లు, వాటిని ఏ కంపెనీకి మళ్లిస్తే డల్లాస్ నుంచి లండన్ మీదుగా హైదరాబాదుకు ముందు సీటు దొరుకుతుంది, ఏ విమానంలో ఏ వరుసలో ఎవరి కాళ్లూ దాటక్కర్లేదు, అన్నీ నాలుక చివర ఉంటాయి. ఇంటికి సోఫా కొన్నా, పిల్లవాడి కాలేజీ ఫీజు కట్టినా మైళ్లే గుర్తొస్తాయి. ‘ఫ్రీగా వచ్చింది’ అంటాడు. ఆ ఫ్రీ కోసం సంవత్సరమంతా ఎన్ని సాయంత్రాలు స్ప్రెడ్‌షీట్ ముందు గడిపాడో వాళ్లావిణ్ని అడగాలి. డబ్బిచ్చినవాడు కనీసం సాక్సులు, లిప్‌బామ్, బుల్లి టూత్‌పేస్టు ఉన్న ఆ సంచీని సీట్లోనే వదిలేసి దిగిపోవచ్చు. ఇతను తనదీ, పక్కవాడు వదిలేసిందీ కూడా సర్దుకుంటాడు. గుంటూరులో అవి చూపించాలి కదా.

చూపించడం అన్నాను గనక ఎక్కే ఘట్టం దగ్గరకు వద్దాం. ముందు భాగం వాళ్లను ముందే ఎక్కించి, చేతికి గ్లాసు ఇచ్చి, ఆ తర్వాత మిగతా జనాన్ని చాలాసార్లు వాళ్ల పక్కనుంచే నడిపిస్తారు. చంకన పిల్లలు, భుజాన సంచులు, నోట్లో బోర్డింగ్ పాసు. పెళ్లిలో మొదటి బంతికి కూర్చున్నవాడికి పప్పులో నెయ్యి ఎక్కువేమీ పడదు, వెనక నించుని ఎదురుచూసేవాళ్లు ఉండటమే అక్కడి రుచి. డీసెల్స్, నార్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 2016లో విమానాల్లో గొడవల రికార్డులు తిరగేసి ఒక వ్యాసం ప్రచురించారు. ఫస్ట్ క్లాస్ మీదుగా జనాన్ని ఎక్కించిన విమానాల్లో వెనకవాళ్లు గొడవపడే అవకాశం ఎక్కువట. అది ఊహించదగ్గదే. ముందువాళ్లూ ఎక్కువ రుసరుసలాడతారన్నది అసలు కొసరు. అందరూ చూస్తుండగా గొప్పవాడిగా కూర్చోవడం కూడా నరాలకు పరీక్షే కాబోలు. ఈ లెక్కల మీద విమర్శలు వచ్చాయి, తిరుగులేని సత్యమని నేనూ అనను.

దీనికి ఎదురు సాక్ష్యం ఒకటి చెప్పకపోతే అన్యాయం. అట్లాంటిక్ మీద అన్నీ బిజినెస్ సీట్లే ఉన్న విమానాలు నడిపిన కంపెనీలు ఉన్నాయి. మ్యాక్స్‌జెట్, ఈయోస్, సిల్వర్‌జెట్ మూడూ 2007 చివరికీ 2008 మధ్యకూ నడుమ మూతపడ్డాయి. వెనక జనం లేకపోతే ముందు కూర్చుని ఏం లాభం, అందుకే మునిగాయి అని తేల్చేయడానికి చెయ్యి దురద పెడుతుంది. కాని ఆ ఏడు ఇంధనం ధర మండిపోయింది, పెద్ద కంపెనీలు పోటీకి దిగాయి, అసలు కారణాలు అవి. పారిస్ నుంచి న్యూయార్కు పక్కన నూవార్క్‌కు 76 సీట్లతో లా కంపనీ ఇప్పటికీ ఎగురుతోంది. నిజంగా నిద్రపోయేవాళ్లంతా అందులో ఎక్కుతారేమో.

ఇంకో మాట తరచూ వినిపిస్తుంది. ముందువాడు దండిగా ఇస్తేనే వెనకవాడికి చవకగా వస్తుంది, కాబట్టి ఇతన్ని ఆట పట్టించడం కృతఘ్నత అని. లెక్క చాలావరకు నిజమే. అట్లాంటిక్ దారుల్లో సీట్ల సంఖ్యలో చిన్న భాగమైన బిజినెస్ క్లాస్ రాబడిలో పెద్ద భాగం తెచ్చిపెడుతుంది. అయితే ఇతను ఆ టికెట్టు కొనేటప్పుడు వెనక వరుసలోని విద్యార్థి చదువు గురించి ఆలోచించాడని ఎవరూ అనరు. తెలియకుండా చేసిన దానానికి పుణ్యం ఉంటే ఉండనివ్వండి, వెక్కిరింపు నుంచి మినహాయింపు మాత్రం ఉండదు.

2019 నుంచి కథ మలుపు తిరిగింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ కొత్త సీట్లకు తలుపులు పెట్టింది, మిగతావాళ్లలో చాలామందిదీ అదే దారి. పక్కవాడి ముక్కు లేదు, కాళ్లు దాటడం లేదు. ఎవరికి వారు ఒక బుల్లి గదిలో ఉంటారు. నిద్ర కోసం వచ్చినవాడికి ఇది స్వర్గం. మన ఆసామికి మాత్రం ఊపిరాడదు, తలుపు మూస్తే చూసేవాళ్లు ఎవరు? అందుకే తలుపు కొంచెం తెరిచి ఉంచి, సాక్సుల పాదాలు ముందుకు చాపి, అవతల పెద్ద తెర, పక్కన గ్లాసు పడేలా ఫొటో తీస్తాడు. ‘లాంగ్ ఫ్లైట్, టయర్డ్’ అని రాసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతాడు. అక్కడి నుంచి ఎవరెవరు చూశారో లెక్క చూసుకుంటూ గ్రీన్‌లాండ్ దాటిస్తాడు.

తిరుగు ప్రయాణంలో అమెరికాలో దిగాక ఇమ్మిగ్రేషన్ అధికారికి ఇతని సీటు నంబరుతో పనిలేదు, పాస్‌పోర్టూ వీసా చూపిస్తే చాలు. ఈ లైను గోల తప్పించిన సర్వీసు ఒకటి ఉండేది. లండన్ సిటీ ఎయిర్‌పోర్టు నుంచి 32 సీట్ల చిన్న విమానం ఐర్లండ్‌లోని షానన్‌లో ఇంధనం కోసం ఆగితే, ఆ లోపు అక్కడే అమెరికా తనిఖీ పూర్తయ్యేది. 2009లో మొదలైన ఆ సర్వీసు 2020లో ఆగిపోయింది. కాబట్టి డల్లాస్‌లో ఇతను విమానంలోంచి అందరికన్నా ముందు దిగి, పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వచ్చి, అంతకుముందే దిగిన మరో రెండు విమానాల జనం వెనక నించుంటాడు. కాసేపటికి నలభయ్యో వరుసలో కూర్చున్న మన పెద్దావిడ, కోడలి పురుటికి వచ్చిన మనిషి, ఒళ్లో ఆవకాయ సంచీతో వీల్‌చైర్‌లో వస్తుంది. ఎయిర్‌పోర్టు కుర్రాడు ఆమెను పక్క దారిన తోసుకెళ్తుంటే లైన్లో నించున్న ఇతన్ని చూసి, ఎక్కేటప్పుడు గ్లాసుతో కూర్చున్న బాబేనని గుర్తుపడుతుంది. “ముందే దిగావు గదా నాయనా, ఇంకా ఇక్కడే ఉన్నావేం?” అంటుంది.