కాలు కింద పెట్టనివాళ్ళు

"నేను సైకిలు అభిమానినండీ" అని ఏ తెలుగువాడితోనైనా అని చూడండి. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మీది ఏ నియోజకవర్గం?" అంటాడు. 1982లో తెలుగుదేశం పుట్టి, సైకిలు గుర్తు ఊరూరా గోడలెక్కాక, మన నేల మీద ఆ రెండు చక్రాల బండికి రెండో అర్థం మిగల్లేదు. "అది కాదండీ, ఫ్రాన్సులో జరిగే సైకిలు పందేలు..." అని విడమరచబోతే అనుమానం ఇంకా ముదురుతుంది. పార్టీ పేరు దాస్తున్నాడంటే అవతలి పక్షం మనిషే అయి ఉంటాడని తేల్చేసుకుంటారు.

ప్రస్తుతానికి నా నియోజకవర్గం ఎర్లాంగెన్. జర్మనీలో, బవేరియా ఉత్తర భాగంలో, న్యూరెంబర్గ్ పక్కన ఉంటుంది. సీమెన్స్ ఊరూ, యూనివర్సిటీ ఊరూ కాబట్టి ఉగాది ముందు వేపపువ్వు కోసం ఒకరికొకరం ఫోన్లు చేసుకునేంతమంది తెలుగువాళ్ళం ఉన్నాం. ఇక్కడ సైకిలు నిజంగానే అధికారంలో ఉంది. 1972లో మేయరైన డీట్మార్ హాల్‌వెగ్ అనే ఆయన 1996 దాకా ఆ కుర్చీలోనే ఉండి, లోకమంతా కార్ల మోజులో ఉన్న రోజుల్లో ఊళ్ళో సైకిలు దారులు వేయించాడు. ఆ పుణ్యమా అని ఇప్పుడు పసిపిల్లల నుంచి ప్రొఫెసర్ల దాకా అందరూ తొక్కుతారు. నన్ను దాటేసి మరీ తొక్కుతారు.

మొన్న వసంతంలో ఒక ముసలావిడ, బుట్టలో రెండు కట్టల ఆస్పరాగస్ వేసుకుని, ఎదురుగాలిలో నన్ను దాటింది. ఏళ్ళ తరబడి పందేలు చూస్తున్నవాణ్ణి కదా, శాస్త్రం తెలుసు. ముందువాడి వెనక్కాల ఒక్క మూర దూరంలో నక్కితే గాలి వాడికి తగులుతుంది, సుఖం మనకి దక్కుతుంది. నక్కాను. రెండు వీధులు హాయిగా సాగాక ఆవిడ వెనక్కి తిరిగి, "ఏం బాబూ, దారి తప్పావా?" అని అడిగింది. ఆ తర్వాత ఎర్రదీపం పడింది. ఇక్కడ సైకిలువాడు ఎర్రదీపం దగ్గర కాలు కింద పెట్టకుండా దూసుకుపోతే కనీసం 60 యూరోల జరిమానా. పెట్టాను. పెట్టినప్పుడల్లా నాకు మనసులో ఎక్కడో చివుక్కుమంటుంది. ఎందుకో చెబుతాను.

తెనాలి దగ్గర మా పల్లెటూళ్ళో, నాకు ఏడో ఎనిమిదో ఏళ్ళప్పుడు, ఒక సైకిలు ఫీట్లవాడు దిగాడు. రచ్చబండ ముందు గుండ్రంగా సర్వి కర్రలు పాతి, తాడు కట్టి, రంగుకాగితాల తోరణాలు వేసి, మైకుసెట్టు పెట్టించాడు. ఏడు రోజులు, ఏడు రాత్రులు కాలు కింద పెట్టకుండా తొక్కుతానని ప్రకటన. తిండి సైకిలు మీదే. గడ్డం గీసుకోవడం సైకిలు మీదే. బకెట్టుతో నెత్తిన నీళ్ళు కుమ్మరించుకుని, లుంగీ మార్చుకోవడం కూడా సైకిలు మీదే. మధ్యమధ్య మోతుబర్లు వెళ్ళి అతని చొక్కాకి పిన్నీసుతో రూపాయి నోట్లు గుచ్చేవాళ్ళు. అభిమానులు ఇచ్చిన డబ్బుతో బతికే ఆటగాడు కాబట్టి, నేను చూసిన మొట్టమొదటి ప్రొఫెషనల్ సైక్లిస్టు అతనే.

ఊరికి మాత్రం ఒకటే అనుమానం. అర్ధరాత్రి అందరూ పడుకున్నాక దిగుతున్నాడేమోనని. దాని కోసం ఒక కమిటీ ఏర్పడింది. మా నాన్న టార్చిలైటుతో అందులో సభ్యుడు. ఒకనాడు తెల్లవారుజామున నన్నూ వెంట తీసుకెళ్ళాడు. ట్యూబులైటు చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి, కింద అతను తిరుగుతున్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం వాటి మానాన అవి ఆడుతున్నాయి. ఇంతలో అమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో చెంబు చాచి, అతని పక్కనే నాలుగడుగులు పరిగెత్తింది. అతను కళ్ళు తెరిచి చెంబు అందుకుని, ఒక చుట్టు తిరిగేలోపు తాగేసి, రెండో చుట్టులో ఖాళీ చెంబు ఇచ్చేశాడు. ఒక్క చుక్క ఒలకలేదు. పాతికేళ్ళ తర్వాత టీవీలో టూర్ డి ఫ్రాన్స్ చూస్తుంటే, దారి పక్క నిలబడ్డ జట్టు మనుషులు భోజనం సంచులు చాచి పట్టుకోవడం, పోయేవాళ్ళు చేత్తో లాక్కుపోవడం కనిపించింది. ఫ్రెంచివాళ్ళు దాన్ని పెద్ద విద్యగా చెప్పుకుంటున్నారు. మా అమ్మ శిక్షణ లేకుండా చేసింది.

టూర్ సంగతి నాకు మొదట తెలిసింది మంగలిషాపులో. 1989 జూలైలో, నా వంతు కోసం బల్ల మీద కూర్చుని పాత పేపరు తిరగేస్తుంటే ఆటల పేజీ అడుగున చిన్న ముక్క. 3,200 కిలోమీటర్ల పైచిలుకు తొక్కాక గ్రెగ్ లెమాండ్ అనే అమెరికావాడు, లారాన్ ఫిన్యోన్ అనే ఫ్రెంచివాడి మీద 8 సెకన్ల తేడాతో గెలిచాడట. పైకే చదివాను. మంగలి కత్తి ఆపి ఆలోచించి, "ఎనిమిది సెకన్లంటే గడ్డం మీద రెండు గీతలు బాబూ. దానికోసం మూడువేల కిలోమీటర్లా?" అన్నాడు. ఇప్పటిదాకా ఆ పందెం మీద అంతకంటే మంచి విశ్లేషణ నేను వినలేదు.

ఆ రోజుల్లో ఈ ఆటకి మనవాళ్ళలో పిల్లను ఇచ్చేవాళ్ళే లేరు. హిందీలో 1992లో సైకిలు పందెం మీద నడిచే "జో జీతా వహీ సికందర్" వచ్చింది. ఏడేళ్ళకి దాని కథ తెలుగులో "తమ్ముడు" అయ్యేసరికి సైకిళ్ళు పోయి కిక్‌బాక్సింగ్ వచ్చింది. మన ప్రేక్షకుడి నాడి నిర్మాతలకి తెలుసు. గంటలు గంటలు తొక్కడం కన్నా ఒక్క తన్ను నయం.

నా గోడు అర్థం చేసుకున్న ఏకైక బంధువు మా బాబాయి. ఒక జూలైలో ఎర్లాంగెన్ వచ్చి, నా పక్కన సోఫాలో కూర్చుని టూర్ చూశాడు. చూసిన ఐదు నిమిషాలకే లేచి నిలబడ్డాడు.

"ఒరే, సైకిలు మీదున్న ఆ మొదటివాడికి పచ్చచొక్కా ఏమిట్రా? ఇంకా ఏ పార్టీ కాదంటావా?"

"అది కాదు బాబాయ్. ఈ పందేన్ని 1903లో లోతో అనే పత్రికవాళ్ళు అమ్మకాలు పెంచుకోవడానికి మొదలెట్టారు. ఆ పత్రిక పసుపుపచ్చ కాగితం మీద అచ్చయ్యేది. అందుకని 1919 నుంచి ముందున్నవాడికి పచ్చచొక్కా."

"పేపరు కూడా ఉందన్నమాట!" అని బాబాయి అర్థమైనట్టు తలపంకించి కూర్చున్నాడు.

తర్వాత జట్ల సంగతి చెప్పాను. ఎనిమిదిమంది ఒక జట్టు. గెలవాల్సినవాడు ఒక్కడే. మిగతా ఏడుగురూ వాడికి గాలి తగలకుండా ముందు తొక్కుతారు, కారు దగ్గరికి వెళ్ళి చొక్కా నిండా నీళ్ళసీసాలు కుక్కుకుని తెచ్చిస్తారు, వాడి చక్రం పాడైతే తమది ఊడదీసి ఇస్తారు. వాళ్ళని డొమెస్టిక్ అంటారు, ఫ్రెంచిలో నౌకరని అర్థం. బాబాయి ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసినవాడు. "ఇంత వివరం ఎందుకురా? పెళ్ళికొడుకు ఒక్కడు. తతిమ్మావాళ్ళంతా విడిదింటికి కాఫీలు మోసేవాళ్ళు" అని తేల్చేశాడు. ఇంతలో తెర మీద ఎర్రబట్టలు, కొమ్ములు, చేతిలో శూలంతో ఒక గడ్డపాయన సైకిళ్ళ పక్కన ఎగురుతూ కనిపించాడు. డీడీ జెన్ఫ్ట్, జర్మనీవాడు, 1993 నుంచి దయ్యం వేషంలో పందేలకి హాజరవుతున్న అభిమాని. "మన పగటివేషగాళ్ళు ఇక్కడిదాకా వచ్చారా!" అని బాబాయి మురిసిపోయాడు.

మా ఆవిడకి మాత్రం మురిపెం లేదు. "మూడు వారాలు కాలు కింద పెట్టకుండా ఉండేది వాళ్ళు కాదు, మీరు. సోఫాలో" అంటుంది. కాదనలేను. మా అమ్మాయిది ఇంకో రకం పోరు. అది ఇక్కడే పుట్టింది. నాలుగేళ్ళప్పుడు టీవీ చూస్తూ, "నాన్నా, వీళ్ళంతా ఎక్కడికి వెళుతున్నారు?" అంది. పారిస్‌కి అన్నాను. "రైలు తప్పిపోయిందా?" అని జాలిగా అడిగింది. జర్మనీ రైళ్ళ మీద అప్పటికే దానికి అవగాహన ఉంది.

వీళ్ళందరి వెటకారం ఒక ఎత్తు, మా దేవుళ్ళు చేసిన పని ఒక ఎత్తు. మిగతా ఆటల అభిమానికి సాయంత్రానికల్లా ఫలితం తెలుస్తుంది. మాకు పదేళ్ళు ఆగాలి, ల్యాబు రిపోర్టు రావాలి. 1999 నుంచి 2005 దాకా వరుసగా ఏడుసార్లు గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ కోసం నేను నిద్ర చెడగొట్టుకున్నాను. 2012లో ఉత్ప్రేరకాలు వాడాడని తేల్చి ఏడూ లాగేసుకున్నారు, ఇంకెవరికీ ఇవ్వలేదు. రెండో స్థానంవాణ్ణి పిలుద్దామంటే వాడి చరిత్ర కూడా చూడాలి కదా. 1997లో టూర్ గెలిచిన ఒకే ఒక్క జర్మన్ యాన్ ఉల్రిచ్ కూడా 2013లో తప్పు ఒప్పుకున్నాడు. ఈ గొడవలతో ఒళ్ళుమండి ఇక్కడి ప్రజా ప్రసార సంస్థ ఏఆర్‌డీ 2012 నుంచి మూడేళ్ళు టూర్ ప్రత్యక్ష ప్రసారమే మానేసింది. మా ఆవిడ ఆ మూడేళ్ళనీ స్వర్ణయుగం అంటుంది.

మరి నువ్వెందుకు మానలేదయ్యా అంటే, ఒక కొలిమి దగ్గర ఇరుక్కుపోయాను. 1913 టూర్‌లో, పిరనీస్ కొండల్లో తూర్మలే కనుమ దిగుతుంటే యూజీన్ క్రిస్తోఫ్ అనే పందెగాడి సైకిలు ముందు ఫోర్కు విరిగింది. ఎవరి సాయమూ తీసుకోకూడదని రూలు. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్ల పైనే నడిచి, సెంట్ మారీ ద కాంపాన్ అనే పల్లెలో కమ్మరి కొలిమికి చేరాడు. పందెం అధికారులు చుట్టూ నిలబడి చూస్తుండగా ఇనుము ఎర్రగా కాల్చి, సాగగొట్టి, తన ఫోర్కు తానే అతికించుకున్నాడు. రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి కొలిమితిత్తి ఊదడానికి ఒక చిన్న కుర్రాడు సాయపడ్డాడు. అధికారులు అది రాసుకున్నారు. గంటల కొద్దీ పోగొట్టుకున్నవాడికి, తిత్తి ఊదించుకున్నందుకు పైన జరిమానా నిమిషాలు వేశారు! ఆ కథ చదివినప్పుడు నాకు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకున్న మా నాన్న కమిటీ గుర్తొచ్చింది. ఆ కుర్రాడు నేనే అనిపించింది. ఆరేళ్ళకి, 1919లో, మొట్టమొదటి పచ్చచొక్కా తొడుక్కున్నది ఆ క్రిస్తోఫే. ఆ ఏడూ ఫోర్కు విరిగింది, పందెం పోయింది.

సరే, ఎర్లాంగెన్. 2021లో కరోనా వల్ల ఊరి కొండ మీద జరిగే బెర్గ్ తిరునాళ్ళ లేదు. 1755 నుంచి జరిగే జాతర అది. ఆ లోటు తీర్చడానికా అన్నట్టు ఆగస్టు 28, శనివారం, జర్మనీ సొంత పందెమైన డోయిచ్‌లాండ్ టూర్ మూడో రోజు పందెం ఇల్మెనావ్ నుంచి మా ఊరికి వచ్చింది. మర్నాడు ఇక్కణ్ణించే న్యూరెంబర్గ్ వెళుతుంది. ఇన్నాళ్ళూ నేను వెతుక్కుంటూ పోయిన దేవుడు ఊరేగింపుగా మా వీధికే వస్తున్నాడు. మడతకుర్చీలు, గొడుగు, డబ్బా నిండా పులిహోరతో మూడు గంటల ముందే బారికేడ్ పక్కన చోటు పట్టాను. మా ఆవిడ కూడా వచ్చింది. తిరునాళ్ళకి వచ్చినట్టే వచ్చింది.

మొదట పోలీసు మోటారుసైకిళ్ళు వెళ్ళాయి. తర్వాత ఇంకా మోటారుసైకిళ్ళు. తర్వాత కార్లు. "అయిపోయిందా?" అంది అమ్మాయి. దూరంగా చప్పట్లు మొదలయ్యాయి, నా గుండె గొంతులోకి వచ్చింది. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. అమ్మ, వీడియో కాల్. అక్కడ రాత్రి భోజనాల వేళ. ఎత్తకపోతే ఏమైందోనని బంధువులందరికీ చేస్తుంది. ఎత్తి, "అమ్మా, ఇటు చూడు!" అని కెమెరా తిప్పబోయాను. తిప్పే గుర్తు దొరకలేదు. వెతికాను. దొరికింది. తిప్పి, ఫోను ఎత్తి పట్టుకుని, గురి సరిచూసుకుని, తలెత్తాను. తుమ్మెదల గుంపు పోయినట్టు ఒక ఝుమ్మనే చప్పుడు, ముఖానికి కొట్టిన గాలి. అంతే. రోడ్డు ఖాళీ. ఆ ఏడు డోయిచ్‌లాండ్ టూర్ మొత్తంగా గెలిచిన నిల్స్ పొలిట్ నాకు రెండు గజాల దూరంలోంచి వెళ్ళాడు. నేను చూడలేదు. తెనాలి పక్క పల్లెటూళ్ళో, పప్పన్నం ముందు కూర్చుని, మా అమ్మ చూసింది.

"ఎంత బాగున్నార్రా! అన్ని రంగులూ ఒక్కసారే పోయాయి" అంది.

మా ఆవిడ పులిహోర డబ్బా మూత పెట్టడం మొదలుపెట్టింది. నేను ఫోను దించబోతే అమ్మ, "ఉండు ఉండు, ఇంకోడు వస్తున్నాడు" అంది. చాలాసేపటికి, నిజంగానే, ఒక్కడు వచ్చాడు. మోచేయి దగ్గర చొక్కా చిరిగి, గీరుకున్న చర్మం కనిపిస్తోంది. ముందు ఎవరూ లేరు, నక్కడానికి వీపు లేదు. నోరు తెరుచుకుని, ఎవరివైపూ చూడకుండా తొక్కుతున్నాడు. గెలిచేవాళ్ళకి కొట్టినదానికన్నా గట్టిగా జనం అతనికి కొట్టారు చప్పట్లు. ఈసారి ఫోను ఎటు పోయినా పోనిమ్మని కళ్ళారా చూశాను.

"పాపం, ఆ పిల్లాడికి ఎవరైనా మజ్జిగ ఇచ్చారా?" అంది అమ్మ.

"ఇస్తారమ్మా, ముందు ఉంటారు."

కాసేపు మాట్లాడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"కాలు గానీ కింద పెట్టాడా?"

"లేదమ్మా."

"అయితే సరే. నువ్వు భోంచెయ్యి" అని పెట్టేసింది.