గోనెసంచి పరుగు

ఆదివారం తెలతెలవారుతుండగా నా వీపు మీదుగా పదకొండు జతల కాళ్లు పోతాయి. కళ్లు లేకపోయినా ఎవరెవరో నాకు తెలుసు. మడమ గట్టిగా దిగితే బ్యాంకు సారు. వేళ్ల మీద తేలిపోతే పంతులమ్మ. ఒక అడుగు బరువుగా, మరొకటి తేలిగ్గా పడితే ట్రాక్టర్ మెకానిక్ అన్న, ఆయన ఎడమ మోకాలికి పాత దెబ్బ ఉంది. వీళ్ల మధ్యలో ఎక్కడో ఒక పిల్లగాడు వస్తాడు. సరిగ్గా నా దగ్గరికి రాగానే కాలు పెట్టకుండా ఎగిరి దూకుతాడు. నేనెవరో వాడికి తెలుసు.

నేను గోనెసంచిని. బోధన్ దగ్గర, నిజాంసాగర్ కాలువ నుంచి చీలిన ఒక పిల్లకాలువ గట్టులో, పొట్ట నిండా నల్లరేగడి పెట్టుకుని బోర్లా పడుకున్నాను. ఇదే పొట్టలో ఒకప్పుడు యాభై కిలోల చక్కెర ఉండేది. చీమలు ఇంకా ఆశ వదులుకోలేదు. కుట్ల సందుల్లో తిరిగి చూసి పోతుంటాయి.

బురద నాకు కొత్త కాదు. జనపనార మొక్కను కోసి, కట్టలు కట్టి, నిలవ నీటిలో ముంచి, పైన మట్టిపెళ్లలో అరటి మొద్దులో బరువు పెట్టి, రెండు మూడు వారాలు నానబెట్టి కుళ్లిస్తే గానీ కాండం నారను వదలదు. నడుం లోతు నీళ్లలో నిలబడి ఎవరో ఒలిచిన నార నేను. హుగ్లీ ఒడ్డున మిల్లులో నేశారు. ఇలాంటి సంచుల్లో కాస్త గోగునార కూడా కలుపుతారు. గోగు అంటే మీ గోంగూరే. ఆకు తెంపితే పచ్చడి, పెరగనిచ్చి కాండం కోస్తే నార. విజయనగరం వైపు జూట్ మిల్లులకు ఆ నార బాగా తెలుసు. అంటే అన్నంలో గోంగూర కలుపుకునే ప్రతివాళ్లూ నాకు దూరపు చుట్టాలే. ఎవరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి.

నేను బోధన్ ఎందుకు చేరానో చెప్పాలంటే నీళ్లతో మొదలుపెట్టాలి. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువలో నీళ్లు పారాయి. నీళ్ల వెంట చెరకు వచ్చింది. చెరకు వెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ వెంట ఒక ఊరే వచ్చి, దానికి శక్కర్‌నగర్ అని చక్కెర పేరే స్థిరపడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకున్న ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. దాని ఆఖరి సీజన్లలో నిండిన సంచుల్లో నేనొకదాన్ని. నా ముందు తరం సంచులు క్వింటాల్ మోసేవి, నా కాలానికి బరువు సగమైంది. హమాలీల నడుములు బతికాయి.

నన్ను కొన్నది శక్కర్‌నగర్‌లో చాయ్ హోటల్ నడిపే మనిషి. నాలుగు వారాల్లో నా చక్కెరంతా గ్లాసుల్లో కరిగిపోయింది. తర్వాత నాలో బొగ్గులు పోశాడు. మూలన నల్లగా పడి ఉన్న నన్ను ఒక రోజు ఆయన కొడుకు బయటికి లాగి, బోరింగు కింద పెట్టి ఉతికాడు. 2016 జనవరి 26. బడిలో జెండా పండుగ ఆటల్లో గోనెసంచి పరుగు ఉంది, సంచి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

నా బతుకులో అదే మొదటి పందెం. రెండు కాళ్లూ నాలోకి దిగాయి. నా అంచును నడుం దాకా లాగి పిడికిళ్లలో పట్టుకున్నాడు. ఈల పడింది. నాకు పరిగెత్తడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఎగరడం, కూలబడబోయి ఆగడం, మళ్లీ ఎగరడం. మోకాలు నా గోడకు కొట్టుకునేది. వాడికి రెండో స్థానం వచ్చింది. ఒక స్టీలు గిన్నె ఇచ్చారు. ఆ గిన్నెలో వాళ్లమ్మ చాన్నాళ్లు పెరుగు తోడు పెట్టింది.

ఆ తర్వాత కుటుంబం నిజామాబాద్ మారింది. హోటల్ బండి అయింది. నేను ఆరేళ్లు అటక మీద ఉన్నాను, చెప్పుకోవడానికేం లేదు. 2022 చలికాలం వచ్చాక వాడే నన్ను దించాడు. అప్పటికి ఇరవై ఏళ్లవాడు. తెల్లారగట్ల నాలుగున్నరకు నన్ను చంకన పెట్టుకుని గ్రౌండ్‌కు పోయేవాడు.

నిజామాబాద్‌లో చలికాలం పొద్దుగాల గ్రౌండ్ చూడాలి మీరు. రెండు సార్లు ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయిన నిఖత్ జరీన్ ఈ ఊరి పిల్లే. గ్లవ్స్ తొడుక్కోకముందు ఆమె కూడా పరుగుల పిల్లే. ఆ సంగతి తలుచుకుంటూ ఉరికేవాళ్లు కొందరు. ఎక్కువమంది మాత్రం పోలీసు కొలువు కోసం ఉరుకుతారు. మగపిల్లలు 1600 మీటర్లు ఏడు నిమిషాల పదిహేను సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు అయిదు నిమిషాల ఇరవై సెకన్లలో ముగించాలి. నోట్లో నుంచి పొగలు, తలకు మఫ్లర్లు, చేతిలో ఫోన్‌లో తిరిగే అంకెలు. ఎవరూ నవ్వరు. నేను వాళ్ల కడుపు కసరత్తులకు పరుపును. ఒక్కొక్కడి వెన్నెముక నా మీద రుద్దుకుంటుంటే లోపలి భయం కూడా తగిలేది. నోటిఫికేషన్లు, అప్పులు, చెల్లె పెళ్లి.

వాడు పరుగు ఆరు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లలో ముగించాడు. పొడుగు దూకుడూ గుండు విసురుడూ కూడా అయ్యాయి. రాత పరీక్షలో మార్కులు చాల్లేదు. నాలుగు రోజులు ఇంట్లోనే పడుకున్నాడు. అయిదో రోజు నాలుగున్నరకు కాళ్లు వాటంతట అవే లేచాయి. కొలువు లేదు, పరీక్ష లేదు, మరి ఎందుకు లేచినట్టు? గ్రౌండ్ గోడ మీద కూర్చున్నాడు, కింద నేను. అక్కడికి రోజూ నడకకు వచ్చే రిటైరైన పీఈటీ సారు పక్కన కూర్చుని అడిగాడు.

"ఏం బిడ్డా, ఇయ్యాల ఉరుకుతలేవు?"

"ఇగ ఎందుకు సార్."

"గడియారం ఇంట్ల పెట్టి ఆదివారం రా. బోధన్ దిక్కు పోదాం. బూట్లు మాత్రం పాతయి ఏసుకో."

ఆ ఆదివారం సారు పాత కారు డిక్కీలో నేనూ వెళ్లాను. జానకంపేట దాటాక రోడ్డుకు అటూ ఇటూ పొలాలన్నీ నీళ్లతో మెరుస్తున్నాయి. చలికాలంలో బురదెక్కడిదని మీకు అనుమానం రావచ్చు. పొలాల వెంట ఉరికే ఈ క్రాస్ కంట్రీ ఆటకు విదేశాల్లో బురద వానతోనూ కరిగిన మంచుతోనూ వస్తుందట. ఇక్కడ మా జనవరి ఆకాశం పొడిగా ఉంటుంది. బురద కాలువ పెట్టిన భిక్ష. యాసంగికి నీళ్లు వదిలితే పొలాలు కరిగట్లవుతాయి, ట్రాక్టర్ల ఇనుప చక్రాలు బాటలన్నీ మెత్తగా పిసికేస్తాయి. అందుకే ఆదివారం ఇక్కడ ఉరికేవాళ్లు పందెం ఎక్కడ పెట్టాలో వాతావరణ శాఖను చూసి నిర్ణయించరు. శనివారం సాయంత్రం కాలువ లస్కర్‌కు ఫోన్ చేస్తారు. "అన్నా, రేపు ఏ తూము తీస్తవ్?" ఆయన చెప్పిన తూము కిందే బాట.

ఆరు కిలోమీటర్లు ఉంటుంది కాబోలు, ఎవరూ కొలవలేదు. కాలువ గట్టు, ఒక ఎండిన వాగు, పడావు పడ్డ మడి, చివర చెరకు తోట పక్కన ఇరుకు సందు. చెరకు ఇప్పుడు ఈ దిక్కు బాగా తగ్గి, వరే ఎక్కువైంది. ఆ సందులో మాత్రం ఆకులు రెండు దిక్కులా చెంపలు గీరుతాయి. కట్టుబాట్లు రెండే. నారుమడిలో కాలు పెట్టకూడదు, పచ్చి ఒడ్డు తొక్కి తెంపకూడదు. తెగితే ఆ రోజు ఉప్మా ఖర్చు తెంపినవాళ్లదే.

మొదటి రోజు మావాడు పోలీసు పరుగు ఉరికాడు. మూడు వందల మీటర్లకే బూటు రేగడిలో ఉండిపోయింది, కాలు మాత్రం బయటికొచ్చింది. తడి రేగడి సంగతి వాడికి తెలియదు. తడిస్తే ఉబ్బి జిగురెక్కే మట్టి అది. బూటు అడుగున ఒక పొర, ఆ పొరకు ఇంకో పొర, వంద అడుగుల్లో ఒక్కో కాలికి కిలో బరువు. అంగలు పొడుగ్గా వేసేవాడు ముందు ఓడిపోతాడు. పిచ్చుకలా చిన్న చిన్న అడుగులు వేస్తూ పంతులమ్మ వాణ్ని దాటిపోయింది. ఆమెకు నలభై ఆరేళ్లు. తిరిగొచ్చి కారు దగ్గర నా మీద కాళ్లు రుద్దుకుంటూ వాడు ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. ఆపలేకపోయాడు. గ్రౌండ్‌లో గడిపిన ఆ చలికాలమంతా వాడి నవ్వు నేను వినలేదు.

అలా నా కొత్త కొలువు కుదిరింది, కాళ్లు తుడుచుకునే పట్టాగా. ముందు వేప పుల్లతో గీకాలి, తర్వాత నా మీద రుద్దాలి, అప్పుడు గానీ కారెక్కనివ్వడు సారు. ఒక పక్క చెరకు చెత్త మంట వేసుకుంటారు. చెరకు ముక్కలు నములుతూ, ఫ్లాస్కులో చాయ్ తాగుతూ, సారు చెప్పే పాత కథలు వింటారు. ఇంగ్లండు బడుల్లో పిల్లలు కాగితం ముక్కలు చల్లుకుంటూ ముందు ఇద్దరు పరిగెత్తితే, ఆ జాడ పట్టుకుని మిగతావాళ్లు వెంటబడేవాళ్లట, కుందేలూ వేటకుక్కల ఆట. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ క్రాస్ కంట్రీ పందెం మండుటెండలో పెడితే 38 మంది బయల్దేరి 15 మందే చేరారట. ఫిన్లండ్ పావో నూర్మి మాత్రం ఏమీ జరగనట్టు గెలిచాడట. ఆ దెబ్బతో ఒలింపిక్స్ నుంచి దీన్ని తీసేశారు. "మన ఏప్రిల్‌ల పెట్టినట్టు పెట్టిన్రు బిడ్డా, సలికాలం ఆట అది" అంటాడు. ప్రపంచ పోటీల్లో 2017 నుంచి ఆడవాళ్లకూ మగవాళ్లతో సమానంగా పది కిలోమీటర్లు పెట్టారని పంతులమ్మ ప్రతి వారం గుర్తుచేస్తుంది. ప్రతి వారం ఎందుకో నాకు అర్థం కాదు, ఎవరూ కాదనలేదు.

లెక్క కట్టే తీరు నాకు నచ్చింది. జట్టులో నలుగురి స్థానాలు కూడుతారు, తక్కువ వచ్చినవాళ్లు గెలిచినట్టు. ఒకసారి నిజామాబాద్ నలుగురు, బోధన్ నలుగురు పోటీపడ్డారు. మొదట వచ్చింది నిజామాబాద్ తరఫున మావాడే. కానీ వాళ్లవి 1, 4, 6, 8, మొత్తం 19. బోధన్‌వి 2, 3, 5, 7, మొత్తం 17. ముందొచ్చిన వాడు గట్టు మీద నిలబడి, ఎనిమిదోవాడైన బ్యాంకు సారును చూసి "ఉరుకు సార్, ఉరుకు" అని అరవాల్సి వచ్చింది. పోలీసు పరుగులో పక్కవాడి కాళ్ల గురించి వాడు ఎప్పుడూ ఆలోచించి ఎరగడు.

అన్నీ ఇలా ముచ్చటగా ఉన్నాయనుకోకండి. ఒక రోజు నాట్లేస్తున్న ఒకామె నడుం లేపి, కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది. "ఏందయ్యా, ఉత్తగనే బురదల ఉరుకుతున్నరా? రాండ్రి, నాటెయ్యిండ్రి, కూలిస్త." అందరూ నవ్వారు. మెకానిక్ అన్న నవ్వలేదు, వాళ్లమ్మ ముప్పై ఏళ్లు నాట్లేసింది. వచ్చే వారం నుంచి నాట్లేసే మడుల వైపు కాక పడావు భూముల వైపు బాట మార్చుదామన్నాడు. మార్చారు. ఇంకోసారి దూరంగా ఒక గుంపు నాట్లేస్తూ వీళ్లను చూసి ఏదో అనుకుని పగలబడి నవ్వింది. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది, బెంగాలీ. కూలికి అంత దూరం నుంచి వచ్చినవాళ్లు. నన్ను ఒలిచిన చేతులు కూడా ఆ భాషే మాట్లాడేవి. ఏమన్నారో చెప్పను, పంతులమ్మ బాధపడుతుంది.

ఇక నేను ఈ గట్టులోకి ఎలా వచ్చానంటే, నిరుడు సంక్రాంతి ముందు ఆదివారం. పందెం మొదలై పది నిమిషాలు కాలేదు, లస్కర్ తువ్వాలు ఊపుతూ అరిచాడు. ఎండ్రకాయ బొరియ ఒకటి పెద్దదై గట్టు కారుతోంది, కింద అప్పుడే నాటేసిన నాలుగెకరాలు ఉన్నాయి. చూస్తుండగానే కారేది గండి అయింది. లస్కర్ గుడిసెలో ఉన్నవి ఆరు సంచులే. అన్నీ ప్లాస్టిక్‌వి, మూడు చిరిగినవి. పదకొండు మందీ అప్పటికే మోకాళ్ల దాకా బురదలో ఉన్నారు కాబట్టి కొత్తగా దిగడానికేం లేదు. బ్యాంకు సారు పార పట్టాడు. పంతులమ్మ సంచి మూతి పట్టుకుంది. ఇంకొకటి కావాలని లస్కర్ అరిస్తే మావాడు కారు దగ్గరికి ఉరికాడు. ఆ పరుగు ఎవరైనా కొలిచి ఉంటే ఆరు యాభై ఎనిమిది కంటే బాగా వచ్చేదేమో.

నన్ను చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం ఆగాడు. నా మీద అచ్చు సగం చెరిగిపోయింది, శక్కర్ అన్న అక్షరాలు మాత్రం కళ్లు చికిలిస్తే కనబడతాయి. ఆగింది అంతే. రేగడి పోశారు, మూతి నార తాడుతో బిగించారు, ఇద్దరు పట్టి బోర్లా వేశారు. చక్కెర కంటే మట్టి బరువని నాకు అప్పుడు తెలిసింది. నీళ్లు నా చుట్టూ రెండు సార్లు దారి వెతికి ఆగిపోయాయి.

నేను ప్లాస్టిక్‌ను కాదు. ఇంకో రెండు వానకాలాలు తట్టుకుంటే గొప్ప. ఈలోగా గట్టు పేరుకుని గట్టిపడుతుంది. నా ఎడమ అంచులోంచి అప్పుడే గరిక మొలిచింది.

పోయిన ఆదివారం పొగమంచు దట్టంగా ఉంది. ముందు అడుగులు వినబడ్డాయి, తర్వాత ఊపిరి, ఆ తర్వాత మనిషి. మావాడు అలవాటు ప్రకారం దూకబోయాడు. గట్టు జారింది. రెండు కాళ్లూ ఒక్కసారే నా మీద పడ్డాయి, ఆ జెండా పండుగ నాడు పడ్డట్టే. "అరె" అన్నాడు. నా కుట్టు ఒకటి పుటుక్కున తెగింది. వాడు లేచి నిలబడేలోగా పంతులమ్మ దాటిపోయింది.