మైనస్‌కి ముందు ఖాళీ, వెనక ఖాళీ

మా రోజుల్లో స్టాండర్డ్ ఎంఎల్‌లో రుణసంఖ్య రాయాలంటే మైనస్ కాదు, టిల్డా పెట్టేవాళ్లం: ~1. చూడ్డానికి వికారమే, కాదనను. కానీ ఎఫ్ ~1 అని కొడితే ఎఫ్ ఫంక్షన్‌కి మైనస్ ఒకటి ఇచ్చామని కంపైలర్‌కీ తెలిసేది, పక్క సీటువాడికీ తెలిసేది. తీసివేతకో గుర్తు, రుణానికో గుర్తు. గొడవే లేదు.

ఇప్పటి కుర్రాళ్లు హాస్కెల్‌లో ఎఫ్ -1 అని కొడతారు. ఎఫ్‌లోంచి ఒకటి తీసెయ్యమంటున్నారనుకుని కంపైలర్ మూరెడు ఎర్రర్ కక్కుతుంది. (+ 1) అంటే ఒకటి కలిపే ఫంక్షన్ కదా, (- 1) అంటే ఒకటి తీసేది కావద్దూ? కాదు, అది ఉత్త సంఖ్య! అందుకని సబ్‌ట్రాక్ట్ అని వేరే ఫంక్షన్ పెట్టుకున్నారు. పోనీ అక్కడితో ఆగారా? 2021లో వచ్చిన హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 9.0లో లెక్సికల్ నెగేషన్ అనే ఎక్స్‌టెన్షన్ తెచ్చారు. అది పెట్టుకుంటే ఎక్స్ - 1 తీసివేత, ఎక్స్ -1 మాత్రం ఫంక్షన్ కాల్. అర్థమంతా స్పేస్‌బార్ చేతిలో పెట్టారన్నమాట.

సొంత ఆపరేటర్ల సంగతి ఇంకా ఘోరం. ఎంఎల్‌లో ఇన్‌ఫిక్స్ ప్రకటన మాడ్యూల్ గడప దాటి రాదు. వాడుకునే ప్రతి ఫైల్లోనూ పైన ఇన్‌ఫిక్స్ 6 +++ అని మళ్లీ రాసి చావాలి. తిట్టుకుంటూనే రాశాం. అయితేనేం, ఆ ఒక్క లైను చూస్తే చాలు, కూడికతో సమానం, గుణకారం కన్నా తక్కువ అని తేలిపోయేది. ఓక్యామల్‌వాళ్లదీ ఒక పద్ధతే: దాదాపుగా మొదటి అక్షరాన్ని బట్టే ప్రాధాన్యం. (అక్కడ గుణకారం గుర్తుకి బ్రాకెట్ అతుక్కుంటే కామెంట్ మొదలైపోతుంది, అది వేరే ఏడుపు.)

ఇప్పుడో? హాస్కెల్‌లో ఇంపోర్ట్ అని ఒక్క లైను రాస్తే లెన్స్ లైబ్రరీలోంచి ^. %~ <<%~ అన్నీ గుంపుగా దిగుతాయి. ఎవరిది ఏ స్థాయో ఫైల్లో ఎక్కడా కనపడదు. సున్నా నుంచి తొమ్మిది దాకా పది స్థాయులు. రాసినవాడు ఏదీ చెప్పకపోతే తొమ్మిది. తెలుసుకోవాలంటే జీహెచ్‌సీఐ తెరిచి ఇన్ఫో అడగాలి.

లైబ్రరీలు రాసే బాబులూ, గుర్తులు చెక్కుకోండి, మీ ఇష్టం. కానీ ఆ లెన్స్‌వాళ్లే ^. కి వ్యూ అనీ, %~ కి ఓవర్ అనీ మామూలు పేర్లు కూడా ఇచ్చారు. మీరూ ఇవ్వండి. రివ్యూలో ఫోన్‌లో చదివి వినిపించడానికైనా పనికొస్తాయి.