పాతబస్తీ గడప దగ్గర ఆగిన రైలు

పత్తర్‌గట్టి రాతి కమానుల కింద పెళ్లిబట్టలు బేరమాడే వాళ్లలో, ఆ మల్గీలు కట్టించింది సర్కారేనని ఎంతమందికి తెలుసు? మా మనవడికైతే తెలియదు. "ఏ బిల్డర్ కట్టాడు తాతా?" అన్నాడు. వాడినని లాభం లేదు. వాడు పుట్టాక ఈ ఊళ్లో బిల్డర్ చెయ్యి పడని పని చూస్తేగా!

1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ఊడ్చుకుపోయింది. నాలుగేళ్లకు, 1912లో, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. మా నాన్న తరం దాన్ని సిఐబి అనేవాళ్లు. ఖైరతాబాద్‌లో సిఐబి క్వార్టర్లంటే ఆటోవాలాకు ఇప్పటికీ తెలుసు, ఆ మూడక్షరాల వెనక ఏముందో మాత్రం వాడికీ తెలియదు. ఆ బోర్డు ముందుగా ఎక్కడ చెయ్యి పెట్టింది? ప్లేగు తిష్ఠ వేసిన ఇరుకు గల్లీల్లో. గాలి ఆడని కొంపలు తీసేసి రోడ్లు వెడల్పు చేసింది, కిరాయి ఇళ్లు కట్టించింది. చార్మినార్ ముందు పత్తర్‌గట్టి అలా వచ్చిందే. 1935లో మొజంజాహీ మార్కెట్ కూడా సర్కారు కట్టించిందే.

అంతా ధర్మంగా జరిగిందని నేననను. "నా ఇల్లెందుకు పడగొడతారు?" అంటే వినే నాథుడెవడు నిజాం హయాంలో? ఫర్మానా వచ్చిందంటే సామాను సర్దుకోవడమే. తరవాతి సర్కార్లు మొజంజాహీ మార్కెట్‌ను పాడుబెట్టిన తీరూ కళ్లారా చూశాను. రేకులు, వైర్లు, బోర్డులు కమ్మేసి గడియార స్తంభం కింద అసలు రాయి కనబడకుండా పోయింది. 2020లో మళ్లీ శుభ్రం చేసి తెరిచారు, సంతోషం. కానీ మా పెద్దలు రోగం ఎక్కడుంటే మందు అక్కడే వేశారు. ఇప్పుడు సర్కారుతో చేతులు కలిపి పనులు చేసే ప్రైవేటు భాగస్వాములు జేబు బరువు చూసి నాడి పడుతున్నారు.

మెట్రో సంగతే చూడండి. 2008లో ఒక విచిత్రం జరిగింది. రైలు వెయ్యడానికి సర్కారు ఎంత ఇస్తుందని అందరూ అడుగుతుంటే, మేటాస్ అనే కంపెనీ వాళ్లు ఎదురు మేమే 30,311 కోట్లు ఇస్తామన్నారు, అదీ ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా. రైలు వేసేవాడు సర్కారుకే డబ్బిస్తానంటే మా కాలంలోనైతే పిచ్చివాడనో, కాకపోతే మన జాగా మీద కన్నేశాడనో అనుకునేవాళ్లం. ఢిల్లీ మెట్రో శ్రీధరన్ గారు ఆ రెండో మాటే చెప్పారు. 296 ఎకరాల ఖరీదైన నేల అప్పజెప్పడం మంచిది కాదని ఉత్తరం రాస్తే పెద్దలు ఆయన మీదే విరుచుకుపడ్డారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బద్దలైంది. మేటాస్ కూడా ఆ సత్యం వాళ్ల కుటుంబం కంపెనీయే కదా, జూలై కల్లా ఒప్పందం రద్దు.

మళ్లీ టెండరు పిలిస్తే ఎల్ అండ్ టీ వచ్చింది. 2010 సెప్టెంబరులో సంతకాలు. వీళ్లు ఇస్తామనలేదు, 1,458 కోట్లు ఇమ్మన్నారు. దాంతోపాటు స్టేషన్ల దగ్గరా డిపోల్లోనూ 269 ఎకరాల నేల. పంజగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్స్ లేచాయి. టిక్కెట్టు డబ్బు చాలదు, కిరాయిలతో పూడ్చుకుంటామన్నది లెక్క. పని బాగానే చేశారు, అది ఒప్పుకోవాలి. ట్రాఫిక్ ఆపకుండా అంత పొడుగు స్తంభాలు నిలబెట్టడం మాటలు కాదు. 2017 నవంబరులో నాగోలు నుంచి మియాపూర్‌కు తొలి బండి నడిచింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మరో లైను తెరిచారు.

నా కడుపుమంట ఆ లైను గురించే. కాగితం మీద అది పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా దాకా. సుల్తాన్‌బజార్ వ్యాపారులు దుకాణాలు పోతాయని మొత్తుకున్నా వాళ్ల నెత్తిమీదుగా వెళ్లిన రైలు, ఎంజీబీఎస్ దగ్గరికొచ్చి నిలబడిపోయింది. అక్కడి నుంచి అయిదున్నర కిలోమీటర్లు వదిలేశారు. మసీదులున్నాయి, అషుర్‌ఖానాలున్నాయి, నాయకులు దారి మార్చమన్నారు, నిజమే. కానీ హైటెక్ సిటీ వైపు అడ్డం వచ్చినవన్నీ తప్పించుకుని వెళ్లిన తెలివి ఇక్కడికొచ్చేసరికి ఎటు పోయింది? దారుల్‌షిఫాలో మాల్ కడితే ఎవడొస్తాడన్న లెక్క కూడా అందులో లేదంటే నేను నమ్మను. చివరికి 2024 మార్చిలో ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశారు, చాంద్రాయణగుట్ట దాకా పొడిగిస్తామని. ఎవరి సొమ్ముతో? సర్కారు సొమ్ముతో! లాభం కనబడని ముక్క మళ్లీ మన వాటాకే వచ్చింది.

ఇక అసలు తమాషా 2025లో. మే నెలలో టిక్కెట్టు పెంచారు, జనం గోల పెడితే కాస్త తగ్గించారు. సెప్టెంబరు వచ్చేసరికి మాకు గిట్టడం లేదు, మీరే తీసుకోండని కంపెనీ అంది, సర్కారు సరేనంది. దాదాపు 13,000 కోట్ల అప్పు నెత్తికెత్తుకుని, పైగా వాటా కింద మరో 2,000 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. కరోనా దెబ్బ కొట్టిందంటారు, అనుకున్నంత మంది ఎక్కలేదంటారు. కాదనను. నష్టం వచ్చిననాడు గడప దాటి వెళ్లిపోగల భాగస్వామి వాడొక్కడే, మనం పోగలమా?

"అయితే మంచిదే కదా తాతా, ఇక రైలు మనదే" అంటాడు మనవడు. సరే, మనదే. అప్పు ఎంతో పేపర్లో కోట్లతో సహా వేశారు. ఆ మాల్స్‌లో ఏ అంతస్తు ఎవరికిచ్చారు, ఎన్నేళ్లకిచ్చారు, నెలకు కిరాయి ఎంత, అది రేపటి నుంచి ఎవరి ఖాతాలో పడుతుంది? ఆ చిట్టా కూడా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వెయ్యమనండి. నా కళ్లద్దాల పవరు ఎక్కువే, అయినా చదువుకుంటాను.